యాక్ బొచ్చు ఊడుతోంది: గొర్రెలకు కొట్టించినట్టు కొట్టించేయొచ్చా?

కొండవాలు
అందరికీ నమస్కారం. పోయిన శరదృతువులో అయిదు యాక్‌లు కొన్నాం, జడల బర్రెలంటారు చూడండి, అవే. మూడు ఆడవి, ఒక కోడె, ఒక ఏడాది దూడ. చలికాలంలో వాటితో ఏ ఇబ్బందీ రాలేదు. వీపు మీద మంచు కరగకుండా పేరుకుని ఉండగానే కింద కూర్చుని తీరిగ్గా నెమరు వేసుకునేవి. వణికిందల్లా మేమే.

ఇప్పుడు ఎండ ముదిరేసరికి వాటి అవతారం చూడలేకపోతున్నాను. మెడ మీద, డొక్కల్లో బొచ్చు గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది. కంచెకు రుద్దుకుంటున్నాయి, తీగంతా బూడిదరంగు దూది. పొట్ట కింది జడలకు పేడ ఎండి గజ్జెల్లా కట్టుకుంది, నడిస్తే టకటకమని చప్పుడు కూడా! ఎన్నో ఏళ్ళు గొర్రెలు కాసినవాణ్ణి కాబట్టి నాకు తోచిందేమిటంటే, మెషిన్ పెట్టి మొత్తం కొట్టించేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. మీరేమంటారు?

గడ్డిమేట
కొట్టించేయండి. ఎండకి పాపం అవి ఎలా ఉంటాయి ఆ దుప్పట్లేసుకుని.

పాతపలుపు
కొట్టించకండి, కొట్టించకండి. రెండుసార్లు రాశానంటే అర్థం చేసుకోండి.

గొర్రె ఉన్ని దానంతట అది ఊడదు, అందుకే కత్తిరిస్తాం. యాక్ అలా కాదు. దాని ఒంటి మీద రెండు మూడు రకాల వెంట్రుకలుంటాయి. పైన కనిపించేది పొడుగాటి ముతక బొచ్చు, వానని, గాలిని ఆపేది అదే. దాని అడుగున చర్మానికి అంటుకుని మెత్తటి నూగు ఉంటుంది. చలికాలం ముందు పెరిగి, వసంతం చివర్లో ఊడిపోయేది ఆ నూగు. ఇప్పుడు మీ కంచెకు చుట్టుకున్నది అదే. మెషిన్ పెడితే నూగుతో పాటు పై బొచ్చు కూడా పోతుంది. తర్వాత ఎండ, వాన, ఈగలు, అన్నీ నేరుగా చర్మం మీదే. పై బొచ్చు మళ్ళీ ఆ పొడుగుకి రావడానికి చాలాకాలం పడుతుంది, ఈలోపు చలి రానే వస్తుంది.

మీరు చేయాల్సింది దువ్వడం. పళ్ళు ఎడంగా ఉన్న ఇనుప దువ్వెన ఒకటి, కుక్కల అడుగు బొచ్చు తీసే రేక్ ఒకటి ఉంటే చాలు. తొందరపడి పచ్చినూగు లాగకండి. వేలితో పట్టుకుని మెల్లగా లాగితే ఊడి వచ్చేదే తీయాలి, రానిది ఇంకో వారం ఆగుతుంది. ఇంకా రాత్రుళ్ళు గడ్డకట్టే చలి ఉంటే అసలు మొదలుపెట్టొద్దు.

నూలుపోగు
పాతపలుపు అన్నయ్య చెప్పిందే నా మాటా. ఒక్కటే కలుపుతాను: ఆ కంచె మీది దూదిని పారేయకండి! యాక్ నూగు మందం సుమారు 16 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), మన తలవెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. దూడల నూగు ఇంకా సన్నం. నేను అయిదేళ్ళుగా వడుకుతున్నాను. దువ్వినప్పుడు తడి లేకుండా చూసి, కాగితపు సంచిలోనో నూలు సంచిలోనో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి కంపు కొడుతుంది.

అన్నట్టు, దేవుడికి విసిరే వింజామరలో ఉండే తెల్లటి కుచ్చు యాక్ తోకదే. మన పాతవాళ్ళు చమరీమృగం అన్నది దీన్నే. కాబట్టి తోక జోలికి మాత్రం వెళ్ళకండి, ఈగలు తోలుకోవడానికి దానికున్నది అదొక్కటే.

కొండవాలు
బతికించారు. మెషిన్ వాడికి రేపు రమ్మని చెప్పాను, ఇప్పుడే ఫోన్ చేసి వద్దన్నాను.

కానీ దువ్వడం అంటే దగ్గరికి రానివ్వాలిగా? పెద్ద ఆడది ఉంది, మా అబ్బాయి దానికి మహారాణి అని పేరు పెట్టాడు. దువ్వెన చూపిస్తే చాలు తోక నిటారుగా ఎత్తి, గుర్రుగుర్రుమంటూ నన్నే చూస్తుంది.

పాతపలుపు
తోక ఎత్తిందంటే ఆగండి. ఆటకైనా ఎత్తుతుంది, మీదికి రావడానికైనా ఎత్తుతుంది. ఏది ఏదో తెలిసేదాకా రెండోదే అనుకోవడం మంచిది. గుర్రుమనడం మటుకు కోపం కాదు, దాని మాటే అది. ఆవులా అంబా అనదు. శాస్త్రీయ నామంలోని గ్రునియెన్స్ అన్న లాటిన్ మాటకి అర్థమే గుర్రుమనేది అని.

దారికి తెచ్చుకోవడం ఇలా. మొదటి వారం దువ్వెన మాటే ఎత్తకండి. రోజూ ఒకే వేళకి, ఒకే బకెట్‌లో గుప్పెడు దాణా. మహారాణిని కాదు, అందరికంటే మెతకగా ఉన్నదాన్ని ముందు పట్టండి. మిగతావి చూస్తూ ఉంటాయి. రెండో వారం తినేటప్పుడు జబ్బ మీద చెయ్యి వేయండి. భుజం పక్కనే నిలబడాలి, వెనక కాదు, ఎదురుగా అసలే కాదు. యాక్ కొమ్ముతో ముందుకి పొడవడం కంటే తల పక్కకి విసరడమే ఎక్కువ. ఈగని తోలుకోవడానికి విసిరినా మీ పక్కటెముక విరగొచ్చు. నాకు విరిగింది. దానికి నా మీద కోపమే లేదు పాపం.

నిలబెట్టే బోను ఆవులకు చేసినదైతే కొమ్ములు పట్టవు. మెడ పట్టే తలుపు వెడల్పుగా తెరుచుకునేది కావాలి. అలవాటైన యాక్ తల కొంచెం పక్కకి వంచి ఒక కొమ్ము, తర్వాత రెండోది దూరుస్తుంది. బలవంతంగా తోస్తే కొమ్ము విరిగి నెత్తురు కారుతుంది.

గడ్డిమేట
కొమ్ములు కోయించేస్తే ఈ గొడవలేం ఉండవు.

పశువైద్యురాలు
పెద్ద పశువుకి కొమ్ము కోయడం గోరు తీసినట్టు కాదండీ. లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి, కోస్తే తల లోపలి గాలి గది తెరుచుకుంటుంది. ఒంట్లో వేడి బయటికి పోవడానికి కూడా కొమ్ములు కొంత సాయపడతాయి. మరీ పదునుగా ఉంటే రక్తం లేని చివర్ని కొద్దిగా మొద్దు చేయొచ్చు, అంతే.

కొండవాలు గారూ, దువ్వడం మొదలుపెట్టాక నాకోసం ఒక పని చేయండి. దువ్వెన పక్కన పెట్టి, వేళ్ళు బొచ్చులోకి పూర్తిగా దూర్చి, పక్కటెముకలు, నడుము ఎముక, తోక మొదలు తడిమి చూడండి. యాక్‌ని కళ్ళతో చూసి లావుగా ఉందో బక్కగా ఉందో చెప్పడం నా వల్లే కాదు. పైన అంత బొచ్చు, కింద ఏముందో ఎవరికి తెలుసు? ఏడాదిలో మీరు దాని ఒళ్ళంతా తడిమే సందర్భం ఈ దువ్వే రోజులే. చర్మం, పేలు, పుండ్లు, పొదుగు, గిట్టలు అన్నీ అప్పుడే చూసుకోవాలి.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే పెట్టుకోండి. ఆవుకి హాయిగా ఉండే 20 డిగ్రీలు యాక్‌కి ఉక్కపోత. దానికి చెమట పట్టడం తక్కువ, అందుకే నీడో నీళ్ళో వెతుక్కుంటుంది. బోనులో ఉండగా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే పని సగంలో ఉన్నా వదిలేయండి.

కొండవాలు (పదహారు రోజుల తర్వాత)
ఫలితాలతో వచ్చాను. అన్నీ మంచి కబుర్లు కావు.

దువ్వడం వచ్చింది. దూడ అయితే ఇప్పుడు దువ్వెన కనిపిస్తే తనే వచ్చి నిలబడుతోంది, మెడ కింద గోకితే కళ్ళు మూసుకుంటోంది. పేడ గజ్జెల దగ్గర ఒక తప్పు చేశాను. కత్తెరతో కోస్తుంటే జడతో పాటు చర్మం కూడా గుడారంలా పైకి లేచింది, నాకు కనిపించలేదు, అంగుళం కోసుకుపోయింది. కట్టు కట్టించాను, మానుతోంది.

రెండో ఆడది, నల్లది, మందలో అందరికంటే బొద్దుగా కనిపించేది. డాక్టర్ గారు చెప్పినట్టు వేళ్ళు దూర్చాను. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నడుము ఎముక రంపంలా చేతికి తగిలింది. చలికాలమంతా దీన్ని చూసి మా ఆవిడతో ఇది తిని కొవ్వెక్కింది అంటూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకా రెండు సంగతులు. నలుపు బొచ్చు తుప్పు రంగులోకి తిరుగుతోంది, మూడింటికి. మెడ దగ్గర, తోక మొదట్లో బొచ్చు పలచబడి చర్మం కనిపిస్తోంది, రుద్దుకుంటూనే ఉన్నాయి. బొచ్చు విప్పి చూస్తే గోధుమరంగు నలుసులు కదులుతున్నాయి. వీపు మీద పోసే మందు తెచ్చి పోశాను. పది రోజులైంది, నలుసులు హాయిగా ఉన్నాయి.

పాతపలుపు
చర్మం కోసుకోవడం అందరం చేసిన పనే. ఈసారి జడకీ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి, దువ్వెనకి పైన కత్తిరించండి. ఇనుము అడ్డం ఉంటుంది కాబట్టి చర్మం కత్తెరలోకి రాదు. మరీ గట్టిపడిన గజ్జెని గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి నలిపేయొచ్చు, కానీ ఎండ ఉన్న రోజే.

గడ్డిమేట
మందు తక్కువ పోసుంటారు. మా ఆవులకి ఏళ్ళ తరబడి అదే పోస్తున్నాం, పేను అన్నది కనపడదు.

పశువైద్యురాలు
ఆవులకి పనిచేస్తుంది గడ్డిమేట గారూ, కాదనను. ఆవు వెంట్రుక పొట్టిది. ఆ మందు చర్మానికి తగిలితేనే పని. యాక్ మీద పై నుంచి పోస్తే బొచ్చే తాగేస్తుంది. వీపు పొడవునా బొచ్చు రెండుగా పాపిట తీసి, చర్మం కనిపించేలా పట్టుకుని, అక్కడ సన్నటి ధారగా పోయాలి. ఇద్దరు మనుషుల పని.

కొండవాలు గారి నలుసుల గురించి. పేలు రెండు రకాలు: రక్తం పీల్చేవి, చర్మపు పొట్టు కొరికి తినేవి. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మొదటి రకానికి బాగా పనిచేస్తుంది. రెండో రకం రక్తం తాగదు కాబట్టి దాని మీద అంత ఫలితం ఉండదు, దానికి చర్మం మీద వేసే మందే కావాలి. మీరు చెప్పిన రంగుని బట్టి పొట్టు తినేవే అనిపిస్తోంది, అయినా రెండు మూడింటిని టేపుకి అంటించి మీ డాక్టర్‌కి చూపించండి. గుడ్లని చాలా మందులు సరిగ్గా చంపవు, అందుకే రెండు వారాలకి రెండో విడత తప్పదు. మందలో అన్నిటికీ ఒకే రోజు వేయాలి. ఇవి మనుషుల మీద బతకవు, ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడక్కర్లేదు.

బక్కచిక్కిన దానికి పేడ పరీక్ష చేయించండి. తాజా పేడ, ఇంకా వెచ్చగా ఉన్నది, చిన్న డబ్బాలో మూత పెట్టి చల్లగా ఉంచి తీసుకెళ్ళాలి. నట్టల గుడ్లు గ్రాముకి ఎన్నున్నాయో లెక్కిస్తారు. మీ పచ్చికలో నీళ్ళు నిలిచే చోటు ఉంటే కాలేయంలో చేరే జలగ పురుగు పరీక్ష కూడా అడగండి, అది వేరే పద్ధతి, మామూలు లెక్కలో దొరకదు. గుడ్డిగా నట్టల మందు పోయొద్దు. పోసిన రెండు వారాలకి మళ్ళీ లెక్కిస్తేనే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. బరువు కూడా అంచనా కొద్దీ అనుకోకండి, ఛాతీ టేపు బొచ్చు మీద నుంచి చుడితే ఎక్కువ చూపిస్తుంది. బాగా బిగించి కొలవాలి, వీలైతే కాటాయే.

ఇక తుప్పు రంగు. ఎండకి కొసలు రంగు వెలవడం మామూలే. బొచ్చు విప్పి మొదట్లో చూడండి. అక్కడ కూడా తుప్పేనా? మీరు వాటికి పెడుతున్న ఖనిజ లవణం ఏది?

కొండవాలు
మొదట్లో కూడా తుప్పే. లవణం... ఇంట్లో ఉన్నదే పెడుతున్నాం. గొర్రెలది.

పశువైద్యురాలు
అనుకున్నాను.

గొర్రెల లవణంలో రాగి కావాలనే కలపరు. గొర్రె కాలేయంలో రాగి పేరుకుని చంపేస్తుంది. యాక్‌కి మాత్రం రాగి కావాలి, అది తక్కువైతే ముందు చెప్పేది బొచ్చే: నలుపు తుప్పుకి తిరగడం, వెంట్రుక గరుకెక్కడం, పాత బొచ్చు సరిగ్గా ఊడకపోవడం. నీళ్ళలో ఇనుము, గంధకం ఎక్కువున్నా, మేతలో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువున్నా, పెట్టిన రాగి కూడా ఒంటికి పట్టదు. ఆవుల లవణానికి మార్చండి, పొడి రూపంలో ఉన్నది. లవణపు గడ్డని నాకి సరిపడా తీసుకోవడం కష్టం.

కానీ దయచేసి ఇక్కడ చదివి రాగి ఇంజెక్షన్లు పొడిచేయకండి. ఎక్కువైతే యాక్‌కి కూడా విషమే. రక్త పరీక్ష చేయించండి, అదీ పూర్తి నిజం చెప్పదు. కాలేయంలోని నిల్వ ఖాళీ అయ్యేదాకా రక్తంలో అంకె బాగానే కనిపిస్తుంది. తక్కువ వచ్చిందంటే మటుకు చాలాకాలంగా తక్కువే అని.

ఒక్క నిమిషం. గొర్రెల లవణం ఇంట్లో ఉందంటే గొర్రెలు ఇంకా ఉన్నాయా?

కొండవాలు
ఉన్నాయండి, పద్నాలుగు. పిల్లలతో కలిపి. యాక్‌ల పక్క మడిలోనే. నీళ్ళ తొట్టి ఒకటే.

పొరుగుమంద
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు రాయకుండా ఉండలేను. నా దగ్గర కూడా అలాగే ఉండేవి. ఒకరోజు పొద్దున కోడె తల వేలాడేసి నిలబడింది. జ్వరం 41 దాటింది. మర్నాటికి రెండు కళ్ళూ పాలు పోసినట్టు తెల్లబడ్డాయి, ముక్కులోంచి చిక్కటి చీమిడి, నోటి నిండా పుళ్ళు. మూడో రోజు పోయింది. గొర్రెలు మాత్రం పక్కనే నిక్షేపంగా మేస్తున్నాయి. పరీక్షలో తేలింది గొర్రెల నుంచి వచ్చిన జబ్బని.

పశువైద్యురాలు
మాలిగ్నెంట్ కటారల్ ఫీవర్. గొర్రెల్లో ఉండే ఒక హెర్పిస్ వైరస్ వల్ల వస్తుంది. గొర్రెకి ఏమీ చేయదు, చూస్తే తెలియదు. ఆరు నుంచి తొమ్మిది నెలల వయసు పిల్లలు ముక్కు స్రావంలో ఎక్కువగా విడుస్తాయి. యాక్, బైసన్ (అమెరికా అడవిదున్న) లాంటివాటికి సోకి పైకి తేలిందా, బతకడం అరుదు. టీకా లేదు. దూరంగా ఉంచడమే మందు. బైసన్ల మందల్లో కిలోమీటర్ల దూరం నుంచి కూడా సోకిన సందర్భాలున్నాయి కాబట్టి మధ్యలో ఒక కంచె సరిపోదు.

భయపెట్టడానికి కాదు, ఆర్నెల్లుగా కలిసే ఉన్నా మీవి బాగానే ఉన్నాయి. కానీ సోకిన తర్వాత నెలల తరబడి బయటపడకుండా ఉండొచ్చు. గొర్రెల్ని వేరే చోటికి పంపగలిగితే ఈ వారంలోనే పంపండి. తొట్టి, దాణా గిన్నెలు వేరు చేయండి. ఏదైనా మేత మానేసి విడిగా నిలబడితే ముందు థర్మామీటర్ పెట్టండి.

కొండవాలు
రేపు పొద్దున్నే మా తమ్ముడి దగ్గరికి పంపేస్తున్నాం. వాడి దగ్గర ఆవులూ యాక్‌లూ ఏమీ లేవు. మా ఆవిడకి ఆ గొర్రెలంటే ప్రాణం, సాయంత్రం నుంచి మాట్లాడటం లేదు.

నూలుపోగు
అక్కకి చెప్పండి, నూగు వడకడం నేను నేర్పిస్తానని. ఊరికే అనడం లేదు.

దూడలపాక
దారికి అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. టీకాలు ఆవులకి వేసేవే వేయొచ్చా? గిట్టలు కూడా కోయించాలా? మా దగ్గర రెండు చూడివి ఉన్నాయి.

పశువైద్యురాలు
జబ్బవాపు, ధనుర్వాతం లాంటి క్లాస్ట్రిడియా అనే బాక్టీరియా జబ్బుల టీకాలు ఆవులవే వాడతారు. మిగతావి ఉన్న చోటుని బట్టి, అక్కడి నియమాల్ని బట్టి. బతికున్న క్రిములతో చేసిన టీకాలైతే, ముఖ్యంగా చూడివాటికి, మీ డాక్టర్‌ని అడక్కుండా వద్దు. సూది మెడ మీదే, బొచ్చు విప్పి చర్మం చూసి వేయాలి. తడిసిన మురికి బొచ్చులోంచి గుచ్చితే చీము గడ్డ కడుతుంది.

చూడి లెక్క ఆవుది కాదు. యాక్ సుమారు 258 రోజులకే ఈనుతుంది, ఆవు కంటే మూడు వారాలు ముందు. ఆవు లెక్కలో ఉంటే మీరు నిద్రలో ఉండగా దూడ పుడుతుంది. దూడ చిన్నదిగా ఉంటుంది, ఈత సులువు. బొడ్డుకి అయోడిన్ పెట్టి, మొదటి కొన్ని గంటల్లో జున్నుపాలు తాగిందో లేదో చూడండి. దూరం నుంచి చూడండి.

పాతపలుపు
ఆ చివరి మాట రెండుసార్లు చదవండి. ఏడాదంతా చేతిలో మేత తిన్న తల్లి, ఈనిన రోజు మిమ్మల్ని ఎప్పుడూ చూడనట్టే వస్తుంది.

గిట్టలకి రాతి నేల ఉంటే వాటంతట అవే అరుగుతాయి. మెత్తటి పచ్చిక మీదే ఉంచితే పెరిగి ముందుకి వంగుతాయి. నేను తొట్టి చుట్టూ గులకరాళ్ళు పరిచాను. నీళ్ళకి ఎలాగూ రోజూ వస్తాయి.

కొండవాలు (మూడు నెలల తర్వాత)
చాలామంది మెసేజ్‌లు పెట్టి అడుగుతున్నారు, అందుకని.

నల్లదానికి గుడ్ల లెక్క బాగా ఎక్కువ వచ్చింది, జలగ పురుగు లేదు. మందు పోశాక రెండో లెక్కలో దాదాపు పోయాయి. మిగతా నాలుగింటికి లెక్క తక్కువే ఉందని మా డాక్టర్ వాటికి మందే వద్దన్నారు. పేలకి పాపిట తీసి రెండు విడతలు వేశాం, రుద్దుకోవడం ఆగింది. మహారాణికి పాపిట తీసే పని మా అబ్బాయిదే, నన్ను ఇప్పటికీ దగ్గరికి రానివ్వదు.

రక్తంలో రాగి తక్కువే వచ్చింది. ఆవుల లవణానికి మార్చాం. గొర్రెలు వెళ్ళిన తర్వాత ఇప్పటిదాకా ఎవరికీ జ్వరం లేదు, రోజూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాం.

నిన్న పొద్దున నల్లదాని జబ్బ దగ్గర బొచ్చు విప్పాను. కొసలన్నీ పాత తుప్పే. చర్మం దగ్గర మటుకు రెండు వేళ్ళ మందాన కొత్త వెంట్రుక, కాటుకలా నల్లగా. కింద పక్కటెముకలు తడిమితే, గట్టిగా నొక్కితే గానీ తగల్లేదు.

నూలుపోగు
అక్క పంపిన సంచి అందింది. దూడది విడిగా కట్టి పేరు కూడా రాశారు! కానీ ముతక బొచ్చు కొంచెం కలిసింది, ఈసారి దువ్వేటప్పుడు పొడుగు వెంట్రుకల్ని ఎడమ చేత్తో పైకి పట్టుకుని అడుగున దువ్వమనండి.